సాక్ష్యం చెప్పించినవాళ్ళం

నేను పదిమందిలో మాట్లాడలేను. ఆటోలో దిగాల్సిన చోటు దాటిపోతున్నా ఆపమనడానికి గొంతు పెగలక, తర్వాత ఇంకెవరో దిగితే వాళ్ళ వెనకే దిగి వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. అలాంటి నేను ఒక ఏడాది వానాకాలం చివరి నుంచి క్రిస్మస్ దాకా బందరు, గుడివాడ, దివిసీమ చర్చిల్లో మైకు పట్టుకుని నిలబడ్డాను. నా మాటలు చెప్పడానికి కాదు. ఒక పదిహేనేళ్ళ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పేదాన్ని తెలుగులోకి మార్చి చెప్పడానికి.

మా పాస్టరుగారితో బైబిలు కాలేజీలో చదువుకున్న స్నేహితుడొకాయన మణిపూర్ కొండల్లో సంఘ కాపరి. అక్కడి గొడవల్లో ఆయన సంఘంలోని ఇళ్ళు కాలిపోతే, కొన్ని కుటుంబాలకి ఎక్కడైనా చోటు చూడమని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. అలా ఒక తల్లీ కూతురూ మా ఊరు బందరొచ్చారు. తండ్రి ఊరి కాపలాకని వెనక ఉండిపోయాడు, తిరిగి రాలేదు. ఏడాదికి పైగా శిబిరంలో ఉండి, అక్కడ జ్వరాలు పడి, ఇక ఎక్కడికైనా సరే అని బయల్దేరారు. చర్చి వెనక సండే స్కూలు గది వాళ్ళకిచ్చాం. గోడల మీద నోవహు ఓడ, సింహాల గుహ బొమ్మలు. గదికి బయట గడియ ఉంది, లోపల లేదు. వాళ్ళు రాత్రిళ్ళు తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుని పడుకుంటున్నారని మాకు నెల తర్వాత తెలిసింది.

సాయం చెయ్యలేదని మా చర్చిని ఎవరూ అనలేరు. స్త్రీల సమాజం వాళ్ళు ఏ రోజు ఎవరింటి నుంచి క్యారేజీ వెళ్ళాలో రాసి గోడకి అంటించారు. మా అమ్మ వంతు మంగళవారం. ఆవకాయ, గోంగూర, మసాలా దట్టించిన కోడికూర వెళ్ళేవి. తల్లి అన్నం వరకు తిని, కూర నీళ్ళలో కడిగి ముక్కలు తినడం నేను చూశాను. చీరలు కుప్పగా వచ్చాయి. ఆమె లుంగీలా చుట్టుకునే గుడ్డ తప్ప ఎప్పుడూ చీర కట్టి ఎరగదు. అయినా ఆదివారం పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, తనే దగ్గరుండి చీర కట్టి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. "మనమ్మాయిలాగే ఉంది చూడండి" అని అందరూ మురిసిపోయారు. ఆమె రెండు గంటలూ కుచ్చిళ్ళు పట్టుకునే కూర్చుంది. ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఇంత ప్రేమగా పెడుతుంటే మళ్ళీ అడగడమేమిటి అనుకున్నాం.

నేను కూడా అడగలేదు. ఆ అమ్మాయే నన్ను అడిగింది. ఇంగ్లీషు నవలలు చదువుతానని, డిగ్రీ ఇంగ్లీషులో చేశానని చెప్పి అమ్మగారు నన్ను వాళ్ళ దగ్గరికి పంపారు. తల్లికి ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. అమ్మాయికి నాకంటే బాగా వచ్చు. నాలుగో రోజు అనుకుంటాను, చర్చి పంపు దగ్గర గిన్నెలు కడుగుతూ అడిగింది.

"ఇక్కడ పదో తరగతి పరీక్షలు ఎప్పుడు?"

గొడవలు మొదలైనప్పుడు తను తొమ్మిదై పదిలోకి వచ్చింది. శిబిరంలో ఒక ఏడాది పోయింది. ఇంకో ఏడాది పోతే వాళ్ళమ్మ పనికి పంపుతుంది, ఆ మాట ముందే అనుకున్నారట. "ఈ ఏడాది రాస్తే చదువుకుంటాను. లేకపోతే లేదు" అంది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. సర్టిఫికెట్లు ఇంటితో పాటే కాలిపోయాయి. ఒక పాత మార్కుల జాబితా ఫోటో ఫోనులో ఉంది, శిబిరం వాళ్ళిచ్చిన కాగితం ప్లాస్టిక్ ఫైల్లో ఉంది.

"నేను చూస్తాను" అన్నాను.

నేను చదివిన ప్రభుత్వ హైస్కూలుకే తీసుకెళ్ళాను. హెడ్మాస్టరుగారు మంచాయన. ముందు క్లాసులో కూర్చోమన్నారు. కానీ పరీక్ష రాసే పిల్లల జాబితాలో పేరు ఎక్కాలంటే జిల్లా విద్యాశాఖ ఆఫీసులో అనుమతి తేవాలి, వేరే రాష్ట్రం పిల్ల కాబట్టి తల్లే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, జాబితా వెళ్ళిపోయాక తన చేతుల్లో ఏమీ ఉండదు అన్నారు. ఆఫీసు మా ఇంటి నుంచి సైకిలు మీద పావుగంట. నేను ఒక్కదాన్నే ముందు కనుక్కుందామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గేటు దగ్గర మనుషుల్ని చూసి, ఎవర్ని ఏమని అడగాలో తెలీక, ఎదురుగా జిరాక్సు షాపులో ఏదో కాగితం జిరాక్సు తీయించుకుని తిరిగొచ్చాను.

ఈలోపు సాక్ష్యాలు మొదలయ్యాయి.

మా సంఘాల్లో ఎవరికి రోగం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, ప్రమాదం తప్పినా ఆదివారం లేచి నిలబడి దేవుడు తమకి ఏం చేశాడో చెప్పాలి. చెప్పకపోతే మేలు పొంది నోరు మూసుకున్నట్టు. వాళ్ళిద్దర్నీ కూడా రెండో ఆదివారమే నిలబెట్టారు. తల్లికి మాట రాదు కనక కూతురు చెప్పాలి. కూతురు పక్కన నేను. తను ఒక వాక్యం చెప్పి ఆగింది. నేను నోరు తెరిచాను, మాట వచ్చింది. ఆ మాట నాది కాదు కదా, అందుకే వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది.

మర్నాడే గుడివాడ నుంచి పిలుపు. ఆపైన పెడన, పామర్రు. ప్రతి శని, ఆదివారాలూ ఒక వ్యాను. తను చెప్పేది ఎప్పుడూ ఒక్కటే. "రాత్రి వాళ్ళు వచ్చారు. మేం పరుగెత్తాం. నాన్న వెనక ఉన్నాడు. పొద్దున కొండ మీంచి చూస్తే మా ఇంటి చోట పొగ ఉంది. దేవుడు మమ్మల్ని బతికించాడు." అంతే, అయిదు వాక్యాలు. గుడివాడలో జనం చాలామంది, వెనక ఎవరో మాట్లాడుకుంటున్నారు. నేను "పొగ ఉంది" దగ్గర ఆగి, "తాను పుట్టిన ఇల్లు, నాన్న చేత్తో కట్టిన ఇల్లు, కళ్ళ ముందే బూడిదై పోతుంటే ఆ తల్లి ఆకాశం వైపు చేతులెత్తి..." అన్నాను. వెనక మాటలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూడిక అయ్యాక అమ్మగారు నా బుగ్గ నిమిరి, "నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నాను. ఏం అభిషేకం దాచుకున్నావే లోపల!" అన్నారు.

ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. ఎక్కడ ఆగాను, ఎక్కడ గొంతు తగ్గించాను, ఎవరు ఏడ్చారు. ఇప్పుడా పేజీలు చదవలేను. ఆ అమ్మాయి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

పామర్రు నుంచి తిరిగొస్తుంటే వ్యానులో తను నా వైపు తిరిగింది.

"అక్కా, నేను కొంచెం చెప్తున్నాను. మీరు ఎక్కువ చెప్తున్నారు. ఏం చెప్తున్నారు?"

"అదే. తెలుగులో వాక్యాలు పొడుగ్గా వస్తాయి" అన్నాను.

తను కిటికీ వైపు తిరిగింది. అబద్ధం చెప్పానని తెలుసుకుంది. తెలుసుకున్నట్టు కనపడకుండా ఉండడం శిబిరంలో నేర్చుకుంది కాబోలు.

మా వీధికి మంగినపూడి వైపు నుంచి చేపలమ్మే ఆవిడ వస్తుంది. నేను పిన్నీ అని పిలుస్తాను. మా చర్చి మనిషి కాదు, వాళ్ళ దేవుళ్ళు వేరు. ఒక పొద్దున పంపు దగ్గర ఆ తల్లిని చూసి గంప దించి, సంచిలోంచి ఎండుచేపలు తీసి చూపించింది. తల్లి ఒకటి తీసుకుని వాసన చూసింది. మా ఊరొచ్చాక ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆ మధ్యాహ్నం గదిలో వాళ్ళు తమకి ఇష్టమైనట్టు ఏదో వండుకున్నారు. సాయంత్రానికి స్త్రీల సమాజంలో, దేవుని మందిరంలో ఎండుచేపల కంపేమిటని గొడవ. అన్నవాళ్ళలో ఎండుచేపలు వండని ఇల్లు ఒక్కటి లేదు.

పిన్ని మర్నాడు వచ్చి నన్ను పట్టుకుంది.

"ఇంతకీ ఆ పిల్లకి ఏం కావాలంటనే?"

"పదో తరగతి పరీక్ష రాయాలంట, పిన్నీ."

"మరి రాయించరాదూ? ఏం, పెన్ను లేదా మీ చర్చిలో?"

అనుమతి సంగతి, ఆఫీసు సంగతి చెప్పాను. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చానని కూడా ఎందుకో చెప్పేశాను. పిన్ని నడుం మీద చెయ్యేసుకుని నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"మమ్మల్ని తుఫాను షెల్టర్లో పడేసినప్పుడు ఎంతమందొచ్చారనుకున్నా? పులిహోర పొట్లాలే పొట్లాలు. చేతిలో పొట్లం పెట్టి, అటు చూడమ్మా అని ఫోటో. అప్పటికి నా కూతురు నెల పిల్ల. దానికి కింద వెయ్యటానికి పొడిగుడ్డ లేదు. ఒక్కళ్ళడిగారా? అడిగితే ఇవ్వాల్సొస్తదని భయం. పద, ఆఫీసుకి నేనొస్తా. నాకేం సిగ్గు?"

నిజంగానే వచ్చింది. గేటు దగ్గర ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. నేరుగా లోపలికెళ్ళి ఒక గుమాస్తాగారి బల్ల ముందు నిలబడింది. ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, చేపలు లోపలికి తీసుకొచ్చావేంటి?" అన్నాడు.

"గంప బయటే పెట్టానండీ. వాసనొక్కటే నాతో వచ్చింది. దానికి కుర్చీ వెయ్యక్కర్లేదులెండి. ఈ అమ్మాయి చెప్పేది ఇనండి."

ఆయన నవ్వాడు. నేను చెప్పాను. పిన్ని పక్కనుంటే మాట వచ్చింది. ఆయన ఫోటోలు, కాగితాలు చూసి, ఇలాంటివి చెయ్యొచ్చమ్మా, తెలుగు పేపరు మినహాయింపు సంగతి కూడా మేమే చూస్తాం అన్నాడు. ఎల్లుండి గురువారం సాయంత్రం అయిదుకి జాబితా వెళ్ళిపోతుంది, అదే ఆఖరు, ఈలోపు తల్లినీ పిల్లనీ తీసుకొస్తే తను సంతకం పెట్టించి చేర్చేస్తానన్నాడు.

"రేపే తెచ్చెయ్యి" అంది పిన్ని బయటికొచ్చాక.

మర్నాడు, బుధవారం, వాళ్ళిద్దర్నీ అమ్మగారు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరో దాత అద్దాలు ఇప్పిస్తానన్నారట. వాళ్ళిద్దరికీ కళ్ళు బానే ఉన్నాయి. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆఫీసు మూసేశారు.

గురువారం దివిసీమలో స్త్రీల సభ. నాగాయలంక అవతల ఒక పల్లెలో. పొద్దున ఏడింటికే వ్యాను వచ్చి నిలబడింది. నేను అమ్మగారి దగ్గరికెళ్ళి, "ఇవాళ ఆఫీసులో..." అన్నాను.

"తెలుసమ్మా, చెప్పావుగా. అయిదింటి దాకా టైముందన్నావు కదా? పదింటికి మొదలుపెడతారు, పన్నెండుకి అయిపోతుంది. భోంచేసి బయల్దేరితే మూడింటికి బందర్లో ఉంటాం. వాళ్ళు నెల నుంచి కనిపెట్టుకుని ఉన్నారు. రావట్లేదని ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?"

ఆవిడ చెడ్డావిడ కాదు. అది రాయకపోతే అన్యాయం అవుతుంది. ఆ తల్లికి జ్వరం వస్తే రెండు రాత్రులు పక్కనే కూర్చుంది ఆవిడే. నేను రావట్లేదని, వాళ్ళు కూడా రారని ఒక్క వాక్యం అనాలి. తల్లి నా మొహం చూసింది. చర్చి అన్నం తింటున్నవాళ్ళు అమ్మగారితో రామని ఎలా అంటారు? అనగలిగింది నేను ఒక్కదాన్నే. బిడియం వల్ల అనలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. అంత దూరం నుంచి, అంతమంది ఆడవాళ్ళు నా మాట కోసం ఎదురు చూస్తున్నారన్నది నాకు బాగుంది. వెళ్ళాలని ఉంది. మూడింటికి వచ్చేస్తాంలే అన్న మాట నాకు కావాల్సొచ్చి నమ్మాను.

అమ్మాయి ప్లాస్టిక్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కింది.

సభ పన్నెండున్నరకి మొదలైంది. పాటలు, వందన సమర్పణలు, పై ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకురాలు. సాక్ష్యం వంతు రెండింటికొచ్చింది. తను ఆ రోజు మూడు వాక్యాలే చెప్పింది. నేను పావుగంట చెప్పాను. షామియానా కింద ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. భోజనాలు మూడింటికి. తినకుండా వెళ్తే బాధపడతారని కూర్చోబెట్టారు. రొయ్యల వేపుడు మళ్ళీ మళ్ళీ వడ్డించారు. అమ్మాయి ఆకు ముందు కూర్చుని ఫోనులో టైము చూసి నా వైపు చూసింది. నేను ఆకులోకి చూశాను. బయల్దేరబోతుంటే ఒకావిడ చెయ్యి పట్టుకుంది. "మా అత్తగారు మంచంలో ఉన్నారండీ. ఒక్క పది నిమిషాలు, ఆ పిల్ల చేత తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించండి. అంత శ్రమ పడొచ్చిన బిడ్డ, దేవుడు వింటాడు." వెళ్ళాం. టీ ఇచ్చారు. చల్లపల్లి దాటేటప్పటికి అయిదుంపావు. పొద్దుట్నుంచీ ఫైలు మీద కదులుతున్న తన వేళ్ళు అక్కడ ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున తెరవకముందే ఆఫీసుకెళ్ళాను. ఒక్కదాన్నే, ఈసారి గేటు దగ్గర ఆగకుండా. గుమాస్తాగారు నన్ను చూసి పెన్ను కింద పెట్టాడు.

"వెళ్ళిపోయిందమ్మా. అయిదున్నర దాకా ఆపాను. వస్తారేమోనని గేటు దాకా వచ్చి చూశాను కూడా. ఏమైంది, పిల్లకి ఒంట్లో బాలేదా?"

సభకి వెళ్ళామని చెప్పలేకపోయాను. తల ఊపాను. ఒంట్లో బాలేదన్నట్టు.

అమ్మగారు విని, "అయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. కాసేపటికి, "దేవుని చిత్తం అదైతే మనమేం చేస్తాం? వచ్చే ఏడు రాస్తుందిలే" అన్నారు. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగల పని చేయించే సంఘ పెద్ద ఒకాయన, పిల్ల ఖాళీగా ఉండడమెందుకని, తన షెడ్డులో రాళ్ళు అతికే పనిచ్చాడు. ఆదివారం దాన్ని మైకులో ప్రకటించారు. మన సంఘం వాళ్ళకి నీడ ఇచ్చింది, ఇప్పుడు ఉపాధి కూడా ఇచ్చింది అని. చెవిదిద్దులకి జిగురు పెట్టి, చిమటా అనే చిన్న పట్టకారుతో ఒక్కో రాయీ కూర్చాలి. తను త్వరగానే నేర్చుకుంది. అక్కడ పనిచేసే ఆడపిల్లల దగ్గర తెలుగూ నేర్చుకుంది. నాతో ఇంగ్లీషు మాట్లాడడం మానేసింది.

పిన్నికి నేను చెప్పలేదు, ఎవరి ద్వారానో విన్నది. గంప దించకుండానే నిలబడి మాట్లాడింది.

"ఆళ్ళకి ఈ ఊళ్ళో నోరు లేదు, సరే. నీ నోటికేమైందే? మైకులో బానే లేస్తదంటగా."

ఊళ్ళోకి అలా ఎవరైనా వస్తే ఏం చెయ్యాలని నన్నెవరూ అడగరు. అడిగితే నాకు తెలిసింది కొంచెమే. వాళ్ళకి కావాల్సిందేదో ముందు అడగాలి. చెప్పింది మనకి చిన్నదిగా అనిపించినా, మనం పెట్టాలనుకున్నదాని కంటే ముందు అది చెయ్యాలి. లోపలి గడియ అయితే గడియ, సంతకం అయితే సంతకం. వాళ్ళకి జరిగింది వాళ్ళది. మళ్ళీ మళ్ళీ చెప్పించి మనం ఏడవకూడదు. ఆఫీసుకి ఒక పూట తోడెళ్ళడంలో పాట ఉండదు, ప్రార్థన ఉండదు, చూసి మెచ్చుకునేవాళ్ళు ఉండరు. అందుకే ఇంతమందిమి ఉండీ ఆ పనికి ఎవరమూ మిగల్లేదు.

డిసెంబరులో బెంగళూరు నుంచి వాళ్ళ దూరపు బంధువు ఫోను చేసింది. తల్లికి ఒక అపార్ట్‌మెంటులో శుభ్రం చేసే పని, కూతురికి బ్యూటీ పార్లర్లో పని చూసిందట. ఇద్దరూ ఒక్క రోజులో వెళ్దామని తేల్చుకున్నారు. బెంగళూరులో పరీక్ష ప్రైవేటుగా కట్టొచ్చు కదా అని తల్లితో అన్నాను. "పార్లర్ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది" అంది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

క్రిస్మస్ తర్వాతి ఆదివారం వీడ్కోలు కూడిక. కాగితపు నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. అమ్మగారు లేచి, మన బిడ్డలు వెళ్ళిపోతున్నారు, చివరిసారి ఒక్క సాక్ష్యం చెప్తారు అన్నారు. నన్ను కూడా పిలిచారు. నాకొక మైకు, తనకొక మైకు. తను ఇంగ్లీషులో మొదలుపెడుతుందని ఎదురు చూశాను. తను మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుంది. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా పట్టి పట్టి అంది.

"నాకు పదో తరగతి పరీక్ష రాయాలని ఉండింది. నేను అడిగాను."

ఆ వెంటనే చప్పట్లు. "తెలుగు! తెలుగులో చెప్పిందర్రా!" అని ఎవరో కేక వేశారు. "నాలుగు నెలల్లో ఎంత చక్కగా నేర్చుకుందో బంగారుతల్లి!" అంటూ అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు ఆగట్లేదు. తను నా వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. నా వంతు వచ్చినప్పుడల్లా ఎలా చూసేదో అలాగే, చెప్పండి అన్నట్టు.

అందరికీ వినబడింది. విన్నవాళ్ళలో ఆ మాటకి అర్థం తెలిసినదాన్ని నేను ఒక్కదాన్ని. నాకు మైకు ఉంది. చెప్పడానికి ఈసారి ఎవరి మాటలూ లేవు, నావి తప్ప. అందరూ చూస్తున్నారు. మైకు పట్టుకున్న చేతి మీద రెండో చెయ్యి కొట్టి, నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు స్పీకర్లలో అన్నిటికంటే గట్టిగా మోగింది.